బీడీఎన్ఎఫ్‌ను యాంటీబాడీతో గుర్తించడం ఎలా: ఎంపిక నుంచి బ్లాట్ చదవడం వరకు

మెదడులోని నాడీకణాలు బతికి ఉండటానికి, కొత్త కొమ్మలు వేయడానికి, తమ మధ్య సంధానాలను నిలుపుకోవడానికి తోడ్పడే ప్రోటీన్లలో బీడీఎన్ఎఫ్ (బ్రెయిన్ డిరైవ్డ్ న్యూరోట్రోఫిక్ ఫ్యాక్టర్) ముఖ్యమైనది. 1982లో ఈవ్ అలాన్ బార్డ్, డేవిడ్ ఎడ్గర్, హాన్స్ థోనెన్ దీన్ని పంది మెదడు నుంచి వేరుచేశారు. అప్పుడు కిలోల లెక్కన మెదడు తీసుకుంటే చేతికి వచ్చిన శుద్ధమైన ప్రోటీన్ మైక్రోగ్రాముల్లోనే ఉంది. మెదడులో అది అంత కొద్దిగా ఉండటమే నేటికీ దీన్ని కొలవాలనుకునేవారికి ఎదురయ్యే అసలు సమస్య. అల్జీమర్స్, హంటింగ్టన్స్, పక్షవాతం, కుంగుబాటు మీద పనిచేసే ల్యాబుల్లో ఎవరో ఒకరు బీడీఎన్ఎఫ్ బ్లాట్ (ప్రోటీన్లను జెల్‌లో పరిమాణాన్ని బట్టి విడదీసి, మెంబ్రేన్ మీదికి ఎక్కించి, కావలసినదాన్ని పట్టుకునే యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) చేయని ఏడాది ఉండదు. అయినా బ్లాట్‌లో కనిపించిన గీత నిజంగా బీడీఎన్ఎఫేనా అని నిర్ధారించుకున్న తరువాతే లెక్కలు వేసేవారు తక్కువ. ఆ నిర్ధారణ చేసుకుంటూ పని సాగించే పద్ధతిని, ఈ ప్రయోగాన్ని మొదటిసారి చేయబోతున్న పరిశోధక విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట, ఏ రూపాన్ని వెతుకుతున్నారో తేల్చుకోండి

కణంలో ఈ ప్రోటీన్ మొదట 247 అమైనో ఆమ్లాల పొడవుతో తయారవుతుంది. ముందున్న సంకేత భాగం తొలగిపోయాక మిగిలేది ప్రోబీడీఎన్ఎఫ్. జెల్ మీద ఇది సుమారు 32 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువుకు కొలమానం) దగ్గర కనిపిస్తుంది. ఫ్యూరిన్, ప్లాస్మిన్ వంటి ఎంజైములు దాన్ని కత్తిరించినప్పుడు చివరి 119 అమైనో ఆమ్లాల పరిణత బీడీఎన్ఎఫ్ విడుదలై, సుమారు 14 కిలోడాల్టన్ల దగ్గరకు దిగుతుంది. పరిణత రూపం ట్రెక్‌బీ గ్రాహకాన్ని పట్టుకుని నాడీకణాన్ని కాపాడుతుంది. ప్రోబీడీఎన్ఎఫ్ మాత్రం పీ75, సార్టిలిన్ గ్రాహకాల ద్వారా పనిచేస్తూ, కొన్ని పరిస్థితుల్లో అదే కణాన్ని మరణం వైపు నడిపించగలదు. ఒకే జన్యువు నుంచి వచ్చిన ఈ రెండు రూపాలూ దాదాపు వ్యతిరేక ఫలితాలు ఇస్తున్నప్పుడు, రెండింటినీ కలిపి 'బీడీఎన్ఎఫ్ పెరిగింది' అని రాస్తే ఆ వాక్యం చదివినవారికి ఏమీ తెలియదు.

కాబట్టి ల్యాబ్ నోట్‌బుక్‌లో ముందే రాసుకోండి: నాకు కావలసింది పరిణత రూపమా, ప్రో రూపమా, లేక రెండింటి నిష్పత్తా? పరిణత భాగాన్ని గుర్తించే యాంటీబాడీకి 14 దగ్గర, 32 దగ్గర రెండు గీతలూ కనిపించే అవకాశం ఉంది, ఎందుకంటే ఆ భాగం రెండు రూపాల్లోనూ ఉంటుంది. ప్రో భాగాన్ని గుర్తించే యాంటీబాడీకి 14 దగ్గర గీత కనిపించకూడదు. ఆ దరిదాపుల్లో కనిపిస్తే అది పరిణత బీడీఎన్ఎఫ్ కాదు; కత్తిరింపులో విడిపోయిన ప్రో భాగం కావచ్చు, లేదా వేరే ప్రోటీన్ కావచ్చు.

యాంటీబాడీని ఎంచుకోవడం

పరిణత బీడీఎన్ఎఫ్ అమైనో ఆమ్లాల క్రమం మనిషిలో, ఎలుకలో, చిట్టెలుకలో ఒక్కటే. ఒక జాతికి చేసిన యాంటీబాడీ మిగతా వాటికీ పనికిరావడం ఇందులోని సౌకర్యం. అయితే యాంటీబాడీ తయారీకి వాడే జంతువు కూడా ఆ ప్రోటీన్‌ను తన సొంతదిగానే చూస్తుంది కనుక, దాని మీద బలమైన ప్రతిస్పందన రాబట్టడం కష్టం. పైగా ఎన్‌జీఎఫ్, ఎన్‌టీ3, ఎన్‌టీ4 అనే సోదర ప్రోటీన్ల క్రమం బీడీఎన్ఎఫ్ క్రమంతో దాదాపు సగం వరకు కలుస్తుంది. బజారులో బీడీఎన్ఎఫ్ పేరుతో ఎన్నో యాంటీబాడీలు దొరుకుతున్నా, నమ్మదగినవి కొన్నే కావడానికి ఇవి ముఖ్య కారణాలు.

కంపెనీ పేజీలో మీరు చూడవలసింది ధర కంటే ముందు నాలుగు విషయాలు: ఏ భాగాన్ని ఇమ్యునోజెన్‌గా (యాంటీబాడీ పుట్టించడానికి జంతువుకు ఇచ్చే పదార్థంగా) వాడారు, మోనోక్లోనలా (ఒకే రకం యాంటీబాడీ) పాలీక్లోనలా (పలు రకాల మిశ్రమం), మీరు చేయబోయే పద్ధతిలోనే పరీక్షించారా, బీడీఎన్ఎఫ్ జన్యువు లేని కణజాలంలో గీత మాయమైనట్టు చూపించారా. చివరిది లేకపోతే మిగతా మూడూ ఎంత బాగున్నా అనుమానం ఉంచుకోండి. శుద్ధమైన రీకాంబినెంట్ (ల్యాబులో కణాల చేత తయారుచేయించిన) ప్రోటీన్‌ను మాత్రమే జెల్ మీద వేసి చూపించిన బొమ్మ, ఆ యాంటీబాడీ బీడీఎన్ఎఫ్‌ను పట్టుకోగలదని మాత్రమే చెబుతుంది. మెదడు లైసేట్‌లో (కణాలను పగలగొట్టి తీసిన ద్రవంలో) ఉండే వేల ప్రోటీన్లలో ఇంకేమీ పట్టుకోదని చెప్పదు. ఎన్ని పత్రాల్లో ఉదహరించారన్న సంఖ్యను చూసి ఎంచుకోకండి. సరిగా పరీక్షించని యాంటీబాడీని ఒకరిని చూసి ఒకరు వాడినా ఆ సంఖ్య పెరుగుతుంది.

వెస్టర్న్ బ్లాట్‌కు 3సీ11 అనే చిట్టెలుక మోనోక్లోనల్‌ను చాలామంది వాడుతున్నారు. బార్డ్ బృందం తయారుచేసిన 9వ నంబరు మోనోక్లోనల్ అయోవా విశ్వవిద్యాలయంలోని హైబ్రిడోమా (యాంటీబాడీ తయారుచేసే కణాల) బ్యాంకు ద్వారా దొరుకుతుంది. కుందేలు రీకాంబినెంట్ మోనోక్లోనళ్ళు కూడా ఉన్నాయి. పాలీక్లోనల్ తీసుకుంటే, ఒక లాట్ (ఒకేసారి తయారైన సరుకు) బాగా పనిచేసిందని తరువాతి లాట్ కూడా అలాగే పనిచేస్తుందని అనుకోవడానికి వీల్లేదు. ఏది తీసుకున్నా క్లోన్ పేరు, కేటలాగ్ నంబరు, లాట్ నంబరు, యాంటీబాడీ రిజిస్ట్రీలోని ఆర్‌ఆర్‌ఐడీ సంఖ్యలను ఆర్డరు పెట్టిన రోజే రాసిపెట్టుకోండి.

సీసా చేతికి వచ్చిన రోజు

మన దగ్గర ఇలాంటి సరుకు చాలావరకు విదేశాల నుంచి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదులోనో విశాఖలోనో పార్సిల్ గోదాములో ఆగిపోతే లోపలి జెల్ ప్యాక్ పూర్తిగా కరిగి వెచ్చబడి ఉండవచ్చు. పెట్టె తెరిచిన వెంటనే ప్యాక్‌ల స్థితిని ఫోటో తీసి, తేదీ వేసి ఉంచండి. తరువాత సరఫరాదారుతో మాట్లాడవలసి వస్తే అదే ఆధారం. సీసాను తెరవకముందు కొన్ని క్షణాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి, ఎందుకంటే 100 మైక్రోలీటర్ల సరుకులో మూతకు అంటుకున్న చుక్క కూడా విలువైనదే. 50 శాతం గ్లిసరాల్ ఉన్నది మైనస్ 20 డిగ్రీల దగ్గర గడ్డకట్టదు కనుక, అలాగే ఉంచి వాడుకోవచ్చు. గ్లిసరాల్ లేనిదాన్ని 10 మైక్రోలీటర్ల చొప్పున చిన్న గొట్టాల్లో పంచి, ఒక్కో గొట్టాన్ని ఒక్కసారే కరిగించండి. మంచు కరిగిపోయి మళ్ళీ గడ్డకట్టే మామూలు ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రీజరు దీనికి పనికిరాదు.

జెల్ పోసే ముందు వేయవలసిన లెక్క

ఈ చిన్న లెక్క వేయకుండా ప్రయోగం మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. వయసు వచ్చిన ఎలుక హిప్పోక్యాంపస్‌లో గ్రాము కణజాలానికి బీడీఎన్ఎఫ్ కొన్ని నానోగ్రాముల నుంచి కొన్ని పదుల నానోగ్రాముల వరకు ఉంటుంది. గ్రాము కణజాలంలో మొత్తం ప్రోటీన్ సుమారు 100 మిల్లీగ్రాములు. మీరు జెల్‌లోని ఒక లేన్‌లో (ఒక నమూనా సాగే దారిలో) 50 మైక్రోగ్రాముల ప్రోటీన్ వేస్తే, అది అర మిల్లీగ్రాము కణజాలానికి సమానం. గ్రాముకు 20 నానోగ్రాములు అనుకున్నా, ఆ లేన్‌లో ఉన్న బీడీఎన్ఎఫ్ దాదాపు 10 పికోగ్రాములే.

ఈ సంఖ్యను మనసులో పెట్టుకుంటే చాలా బ్లాట్లు వాటంతటవే అనుమానాస్పదంగా కనిపిస్తాయి. పది మైక్రోగ్రాముల లైసేట్ వేసి, మామూలు ఈసీఎల్‌తో (గీతను వెలుగుగా చూపే రసాయనంతో), ఐదు సెకన్ల ఎక్స్‌పోజరులోనే 14 దగ్గర నల్లగా, లావుగా గీత వచ్చిందంటే సంతోషించకండి. అంత గీత రావడానికి తగినంత బీడీఎన్ఎఫ్ ఆ లేన్‌లో లేదు. హిస్టోన్ హెచ్2ఏ, హెచ్2బీ సుమారు 14 కిలోడాల్టన్లే. అవి కూడా బీడీఎన్ఎఫ్‌లాగే క్షార స్వభావం గలవి, కణజాలంలో ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటాయి. హీమోగ్లోబిన్ ఒక్కో గొలుసు దాదాపు 16 కిలోడాల్టన్లు, దానిలోని హీమ్ కొంతమేరకు పెరాక్సిడేజులా పనిచేసి యాంటీబాడీ అవసరం లేకుండానే వెలుగు ఇవ్వగలదు.

నమూనాను సిద్ధం చేయడం

జంతువులతో చేసే పనికి మీ సంస్థ జంతు నైతిక సంఘం అనుమతి ముందే ఉండాలి. వీలైతే చల్లని సెలైన్‌తో పెర్ఫ్యూజన్ చేసి రక్తాన్ని తొలగించండి. పైన చెప్పిన హీమోగ్లోబిన్‌తో పాటు, చిట్టెలుక మెదడు మీద చిట్టెలుక యాంటీబాడీ వాడేవారికి మరో ఇబ్బంది ఇక్కడే ఉంది. రక్తంలోని ఐజీజీ యాంటీబాడీలను సెకండరీ యాంటీబాడీ (బీడీఎన్ఎఫ్‌ను పట్టుకునే ప్రైమరీ యాంటీబాడీని గుర్తించడానికి వాడే రెండోది) నేరుగా పట్టుకుంటుంది కాబట్టి 50 దగ్గర, 25 దగ్గర గీతలు వస్తాయి. 25 దగ్గరి గీతను ప్రోబీడీఎన్ఎఫ్ ముక్కగా పొరబడటం చాలా సులువు.

హిప్పోక్యాంపస్‌ను ఐసు మీద త్వరగా వేరుచేసి, ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి, మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి. లైసిస్ రోజున తాజాగా ప్రోటియేజ్ నిరోధకాలు కలిపిన రీపా బఫరులో (కణాలను పగలగొట్టే ద్రవంలో), కణజాలం బరువుకు పది రెట్ల ఘనపరిమాణంలో, హోమోజినైజ్ చేయండి. నిరోధకాలు మరిచిపోతే ప్రో రూపం మీ గొట్టంలోనే కత్తిరించుకుపోయి, మీరు కొలిచే నిష్పత్తి జంతువుది కాకుండా బెంచీది అవుతుంది. చిన్న సోనికేషన్ ఇచ్చి, 4 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు వేగంగా తిప్పి, పై ద్రవంలో బీసీఏ పద్ధతితో ప్రోటీన్ కొలవండి. తరువాత డీటీటీ లేదా బీటా మెర్కాప్టోఇథనాల్ ఉన్న శాంపిల్ బఫరు కలిపి 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచండి. బీడీఎన్ఎఫ్ సహజంగా రెండేసి కలిసి జతగా ఉండే ప్రోటీన్. జత సరిగా విడిపోకపోతే అది సుమారు 28 దగ్గర నిలబడుతుంది, అక్కడే ప్రోబీడీఎన్ఎఫ్ కత్తిరించిన రూపం కూడా కనిపించవచ్చు కాబట్టి నమూనాను సరిగా వేడి చేశారో లేదో చూసుకోవడం అవసరం.

కంట్రోళ్ళు లేని బ్లాట్‌ను మొదలుపెట్టవద్దు

మూడు కంట్రోళ్ళను (పోల్చి చూసుకునే నమూనాలను) తప్పనిసరిగా పెట్టండి. మొదటిది రీకాంబినెంట్ పరిణత బీడీఎన్ఎఫ్. నానోగ్రాముల్లో వేసి మురిసిపోవడం కాకుండా 100, 50, 20, 10 పికోగ్రాముల వరుసలో వేయండి. మీ పద్ధతి ఎంత చిన్న మొత్తాన్ని చూడగలదో అప్పుడే తెలుస్తుంది. ఇది ప్లాస్టిక్‌కు అంటుకునే ప్రోటీన్ కనుక పలుచన చేసే ద్రవంలో 0.1 శాతం బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్) ఉంచండి. రెండవది బీడీఎన్ఎఫ్ లేని నమూనా. బీడీఎన్ఎఫ్ జన్యువు పూర్తిగా లేని చిట్టెలుకలు పుట్టిన కొద్ది రోజుల్లో, మహా అయితే కొద్ది వారాల్లో చనిపోతాయి. ఆ వయసులో మామూలు పిల్లల మెదడులోనూ బీడీఎన్ఎఫ్ తక్కువే కాబట్టి, పెద్ద వయసులో ముందు మెదడు నుంచి మాత్రమే జన్యువును తొలగించిన జంతువుల కణజాలం మేలు. అది దొరకని ల్యాబులే మన దగ్గర ఎక్కువ. అలాంటప్పుడు కల్చరులోని కార్టెక్స్ నాడీకణాల్లో ఎస్ఐఆర్‌ఎన్ఏతో జన్యువును అణచి చూడవచ్చు. లేదా ఒక జత నాడీకణాలకు పొటాషియం క్లోరైడు ఇచ్చి ఉత్తేజపరచి, మరో జతను టెట్రోడోటాక్సిన్‌తో నిశ్శబ్దంగా ఉంచి, బీడీఎన్ఎఫ్ ఎంఆర్‌ఎన్ఏ మారిన దిశలోనే గీత కూడా మారుతోందో లేదో చూడండి. మూడవది ప్రైమరీ లేకుండా సెకండరీ మాత్రమే వేసిన పట్టీ.

బ్లాకింగ్ పెప్టైడ్ కలిపితే గీత మాయమైందని చూపించడం చాలా పత్రాల్లో కనిపిస్తుంది. ఆ పరీక్షకు నేను పెద్ద విలువ ఇవ్వను, ఎందుకంటే యాంటీబాడీ తప్పు ప్రోటీన్‌ను పట్టుకుంటున్నా, పట్టుకునే చోటును పెప్టైడ్ మూసివేస్తే ఆ తప్పు గీత కూడా మాయమవుతుంది. అంతర్జాతీయ యాంటీబాడీ ధ్రువీకరణ బృందం 2016లో ఐదు మార్గాలు సూచించింది: జన్యువును తొలగించడం, యాంటీబాడీ అవసరం లేని మరో కొలతతో పోల్చడం, వేరే భాగాన్ని గుర్తించే రెండో యాంటీబాడీతో సరిచూడడం, ట్యాగు తగిలించిన ప్రోటీన్‌తో పోల్చడం, యాంటీబాడీతో పట్టిన దాన్ని మాస్ స్పెక్ట్రోమెట్రీతో గుర్తించడం. వీటిలో కనీసం రెండు మీ చేతిలో ఉండేలా ప్రణాళిక వేసుకోండి.

జెల్, ట్రాన్స్‌ఫర్, యాంటీబాడీ

15 శాతం జెల్ లేదా 4–12 శాతం గ్రేడియంట్ జెల్ వాడండి. హెచ్‌ఈకే కణాల్లో (ల్యాబులో పెంచే మానవ కణాల్లో) అధికంగా తయారుచేయించిన బీడీఎన్ఎఫ్‌ను వేస్తున్నట్టయితే, దానికీ మెదడు నమూనాలకూ మధ్య కనీసం ఒక లేన్ ఖాళీగా వదలండి. పొంగిన చుక్క పక్క లేన్‌లో గీతగా కనిపించి కొంప ముంచుతుంది. డై చివరకు చేరకముందే ఆపండి.

14 కిలోడాల్టన్ల ప్రోటీన్‌ను పోగొట్టుకునేది ఎక్కువగా ట్రాన్స్‌ఫర్‌లోనే. రంధ్రం 0.45 మైక్రాన్ల మెంబ్రేన్‌ను పక్కనపెట్టి 0.2 మైక్రాన్ల పీవీడీఎఫ్ తీసుకోండి, దాన్ని మిథనాల్‌లో తడిపి, 20 శాతం మిథనాల్ ఉన్న చల్లని బఫరులో 100 వోల్టుల దగ్గర 60 నిమిషాలు నడపండి. మొదటిసారి చేస్తున్నప్పుడు వెనుక మరో మెంబ్రేన్ ముక్క పెట్టండి. ప్రోటీన్ మొదటిదాన్ని దాటిపోయిందో లేదో దాని మీద కనబడుతుంది, అప్పుడు సమయం తగ్గించవచ్చు. పాన్సో రంగు వేసి లేన్లు సమంగా ఉన్నాయని చూసి ఫోటో తీసుకోండి.

5 శాతం వెన్న తీసిన పాలపొడితో లేదా బీఎస్ఏతో గంటసేపు బ్లాక్ చేయండి. రెండింటిలో ఏది మీ యాంటీబాడీకి నప్పుతుందో ఒకసారి పక్కపక్కనే చేసి చూడటం వల్ల నెలల తరబడి సమయం మిగులుతుంది. ప్రోటోకాళ్ళలో గది ఉష్ణోగ్రత అంటే 20 నుంచి 25 డిగ్రీలు అని అర్థం. ఏసీ లేని మన ల్యాబులో వేసవి మధ్యాహ్నం 36 డిగ్రీలు ఉంటే బ్లాకింగ్, వాషింగ్ రెండూ వేరుగా ప్రవర్తిస్తాయి కనుక, ఉష్ణోగ్రతను కూడా రాసి ఉంచండి. ప్రైమరీని 1:500, 1:1000, 1:2000 వంతున మూడు పట్టీల మీద వేసి, 4 డిగ్రీల దగ్గర రాత్రంతా నెమ్మదిగా ఊపుతూ ఉంచండి. గీత ఎక్కువ నల్లగా వచ్చిన పలుచన సరైనదని అనుకోకండి. బీడీఎన్ఎఫ్ లేని లేన్‌కూ ఉన్న లేన్‌కూ మధ్య తేడా ఎక్కువగా చూపించినదాన్నే ఎంచుకోండి. టీబీఎస్‌టీతో పది నిమిషాల చొప్పున నాలుగుసార్లు కడిగి, సెకండరీ గంటసేపు వేసి, మళ్ళీ కడిగి, ఎక్కువ సున్నితత్వం గల ఈసీఎల్ వాడండి. ప్రైమరీని దాచిపెట్టడానికి సోడియం అజైడ్ కలిపే అలవాటుంటే, అది సెకండరీ ద్రవంలోకి చేరకుండా చూసుకోండి. సెకండరీకి తగిలించి ఉండే, వెలుగు పుట్టించే హెచ్‌ఆర్‌పీ ఎంజైమును అది అణచివేస్తుంది.

గీతలను చదవడం

ముందు మెదడు లేన్లను చూడకండి, కంట్రోళ్ళను చూడండి. రీకాంబినెంట్ వరుసలో గీత తగ్గుతూ వచ్చిందా, 10 లేదా 20 పికోగ్రాములు కనిపించాయా, బీడీఎన్ఎఫ్ లేని నమూనాలో 14 దగ్గర ఖాళీగా ఉందా? ఈ మూడూ సరిగా ఉంటేనే మిగతా లేన్లను కొలవడంలో అర్థముంది. బీడీఎన్ఎఫ్ లేని నమూనాలోనూ 28 దగ్గరో 32 దగ్గరో గీత మిగిలితే, ఆ గీత ఎంత అందంగా ఉన్నా దాన్ని ప్రోబీడీఎన్ఎఫ్ అని రాయకూడదు. ఈ యాంటీబాడీతో ప్రో రూపాన్ని కొలవలేమని ఒప్పుకుని, ప్రో భాగానికి చేసిన మరో యాంటీబాడీతో విడిగా చూడాలి. కొలిచేటప్పుడు వెలుగు సంతృప్తం కాని ఎక్స్‌పోజరును తీసుకుని, పాన్సో వంటి మొత్తం ప్రోటీన్ రంగుతో సరిచేయండి.

కణజాల ముక్కల మీద, రక్తంలో

బ్లాట్‌లో నెగ్గిన యాంటీబాడీ ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీలో (కణజాల ముక్కల మీద యాంటీబాడీతో రంగు వేసే పద్ధతిలో) నెగ్గాలని లేదు, ఫిక్సేషన్ వల్ల ప్రోటీన్ ఆకృతి మారిపోతుంది కాబట్టి ఇక్కడ మళ్ళీ మొదటి నుంచి పరీక్షించాలి. మేలైన యాంటీబాడీ హిప్పోక్యాంపస్‌లో మాసీ ఫైబర్ల దారిని, అంటే డెంటేట్ గైరస్ లోపలి నుంచి సీఏ3 వరకు సాగే పట్టీని, స్పష్టంగా చూపిస్తుంది. స్ట్రయాటమ్‌లో బీడీఎన్ఎఫ్ ఎంఆర్‌ఎన్ఏ దాదాపు లేకపోయినా, కార్టెక్స్ నుంచి ఆక్సాన్ల ద్వారా వచ్చిన ప్రోటీన్ అక్కడ ఉంటుంది. మీ ముక్కలో ప్రతి కణం, ప్రతి కేంద్రకం సమానంగా రంగెక్కితే ఆ యాంటీబాడీని పక్కనపెట్టండి.

రక్తంలో కొలిచేవారు సీరమ్, ప్లాస్మా వేరువేరని గుర్తుంచుకోవాలి. మనిషి రక్తంలోని బీడీఎన్ఎఫ్ ఎక్కువభాగం ప్లేట్‌లెట్లలో దాగి, రక్తం గడ్డకట్టేటప్పుడు బయటికి వస్తుంది. అందుకే సీరమ్‌లో మిల్లీలీటరుకు పదుల నానోగ్రాములు కనబడితే, ప్లాస్మాలో అందులో చిన్న వంతు మాత్రమే ఉంటుంది. గడ్డకట్టడానికి ఇచ్చిన సమయం, ఉష్ణోగ్రత ప్రతి నమూనాకూ ఒకేలా ఉండాలి. ఒకరి రక్తాన్ని అరగంటకు, మరొకరిదాన్ని మూడు గంటలకు తిప్పితే, వచ్చే తేడా రోగానిది కాదు. చిట్టెలుక ప్లేట్‌లెట్లలో బీడీఎన్ఎఫ్ ఉండదు. చిట్టెలుక సీరమ్‌లో మీ ఎలైజా కిట్ నానోగ్రాములు చూపిస్తోందంటే, కొలుస్తున్నది మరేదో అని అర్థం.

రాసిపెట్టవలసినవి

పత్రంలో క్లోన్, కేటలాగ్, లాట్, ఆర్‌ఆర్‌ఐడీ, పలుచన, ఇంక్యుబేషన్ సమయం, మెంబ్రేన్ రంధ్రం, లేన్‌కు వేసిన ప్రోటీన్ అన్నీ ఇవ్వండి. కత్తిరించని పూర్తి బ్లాట్‌ను మార్కరుతో సహా అనుబంధంలో పెట్టండి. 14 దగ్గర ఒక్క సన్నని పట్టీని కోసి చూపిస్తే, పైన ఏమున్నాయో చదివేవారికి తెలిసే దారి ఉండదు. పాత లాట్ అయిపోవచ్చినప్పుడు ఒక చిన్న గొట్టం మిగిల్చి, కొత్త లాట్ రాగానే రెండింటినీ ఒకే జెల్ నుంచి కోసిన పట్టీల మీద, అవే కంట్రోళ్ళతో నడిపించండి. రెండూ ఒకే తేడా చూపించిన తరువాతే కొత్త లాట్‌తో అసలు నమూనాలు మొదలుపెట్టండి.